పాత తుపాకులకు కరువొచ్చింది!

'ఠంగ్!'

ఇదేమిటీ, సినిమా పత్రికలో గుడిగంట మోగుతోందేమిటి అనుకుంటున్నారా? గంట కాదండీ, తుపాకి! స్పీల్‌బర్గ్ తీసిన 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' (1998) చూసినవాళ్ళు ఒక్కసారి గుర్తు చేసుకోండి. అమెరికన్ సిపాయి వరసగా ఎనిమిది గుళ్ళు పేలుస్తాడు. ఎనిమిదోది వెళ్ళీ వెళ్ళగానే తుపాకి నెత్తిమీంచి ఓ చిన్న ఇనప క్లిప్పు 'ఠంగ్'మని ఎగిరి పడుతుంది. ఆ శబ్దం కోసమే ఆ సినిమా మళ్ళీ చూసే కుర్రాళ్ళు నాకు తెలుసు!

దాని పేరు ఎమ్ వన్ గరాండ్. 1936లో అమెరికన్ సైన్యంలో చేరింది. మొత్తం 54 లక్షల దాకా తయారయ్యాయి. అన్ని లక్షలు ఉంటే కరువేమిటంటారా? అక్కడే ఉంది కథంతా. ఈ గరాండ్‌తో పాటు మన త్రీ నాట్ త్రీ, రష్యావాళ్ళ మోసిన్, జర్మన్ మౌజర్... ఇలా రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన పాత తుపాకులన్నీ ఒక్కొక్కటిగా బజారులోంచి మాయమైపోతున్నాయి. అమెరికాలో వాటిని సేకరించేవాళ్ళు లబోదిబోమంటున్నారు.

'వాళ్ళ గోల మనకెందుకండీ?' అనకండి. మీరు టిక్కెట్టు కొని వెండితెర మీద చూసే యుద్ధాలకీ, ఆ గోదాములకీ దగ్గర చుట్టరికం ఉంది.

పీపాల్లో నిలబెట్టి అమ్మారు!

ముందు లెక్క చూడండి. రష్యన్ మోసిన్ నాగాంట్ రైఫిళ్ళు సుమారు 3 కోట్ల 70 లక్షలు తయారయ్యాయి. బ్రిటిష్ వాళ్ళ లీ ఎన్‌ఫీల్డ్ (మన త్రీ నాట్ త్రీ ఇదే) 1 కోటి 70 లక్షలు. హిట్లర్ సైన్యం మోసిన మౌజర్ కె98 సుమారు 1 కోటి 40 లక్షలు. 1945లో యుద్ధం ముగిసింది. తరవాత పది పదిహేనేళ్ళలో చాలా సైన్యాలు గుళ్ళవాన కురిపించే ఆటోమాటిక్ రైఫిళ్ళకి మారిపోయాయి. ఒక్కో గుండుకీ బోల్టు లాగి కొట్టే ఈ ముసలి తుపాకుల్ని ఏం చేసుకోవాలి? గోదాముల అద్దె కూడా దండగే కదా!

సరిగ్గా అప్పుడు రంగంలోకి దిగాడు శామ్ కమింగ్స్ అనే అమెరికన్. 1927లో పుట్టినవాడు. 1953లో, అంటే పాతికేళ్ళు దాటీదాటని వయసులో, ఇంటరార్మ్‌కో అనే కంపెనీ పెట్టాడు. దేశదేశాలు తిరిగి, ప్రభుత్వాలు 'వదిలితే చాలు' అనుకుంటున్న తుపాకుల్ని టోకున కొన్నాడు. వర్జీనియా రాష్ట్రంలో అలెగ్జాండ్రియా అనే ఊళ్ళో, పొటోమాక్ నది ఒడ్డున అతని గోదాములుండేవి. ఆ రోజుల్లో అమెరికాలో ఇనప సామాన్ల కొట్టుకెళితే పాత మిలటరీ రైఫిళ్ళు పీపాల్లో చీపుళ్ళలా నిలబెట్టి ఉండేవి. పోస్టు కూపను నింపి పంపితే పార్సెల్లో ఇంటికే వచ్చేవి. మన పిల్లలు క్రికెట్ బ్యాటు కొనుక్కున్నట్టు అక్కడి కుర్రాళ్ళు యుద్ధపు తుపాకి కొనుక్కున్నారు.

ఇరవై ఒక్క డాలర్ల కూపను

ఆ కూపన్లలో ఒకటి చరిత్రని మార్చేసింది.

1963 మార్చిలో, డల్లాస్ నగరంలో ఒక యువకుడు చికాగోలోని ఓ దుకాణానికి దొంగ పేరుతో కూపను పంపాడు. ఇటలీ సైన్యం వదిలేసిన కర్కానో రైఫిలు, దానికో టెలిస్కోపు... రెండూ కలిపి 19 డాలర్ల 95 సెంట్లు. పోస్టేజీతో కలిసి 21 డాలర్ల 45 సెంట్లు. తుపాకి వచ్చింది. ఆ ఏడు నవంబర్ 22న డల్లాస్ వీధిలో అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ నేలకొరిగాడు. ఆ యువకుడు లీ హార్వీ ఆస్వాల్డ్. ఆలివర్ స్టోన్ 1991లో తీసిన 'జె.ఎఫ్.కె.' సినిమా ఈ కథ చుట్టూ తిరిగేదే.

ఐదేళ్ళ వాదోపవాదాల తరవాత, మధ్యలో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ కూడా తుపాకి గుళ్ళకే బలయ్యాక, 1968లో అమెరికా గట్టి చట్టం చేసింది. పోస్టులో తుపాకులు బంద్. విదేశీ సైన్యాల పాత తుపాకుల దిగుమతి బంద్. పీపాలు ఖాళీ అయ్యాయి.

ఇదీ ఇంటర్వెల్! సెకండ్ హాఫ్‌లో ఏమైందో చూద్దాం.

జిడ్డు బంగారం

1984లో అమెరికా ఆ తలుపును కాస్త తెరిచింది. 50 ఏళ్ళు దాటినవీ, చారిత్రక విలువ ఉన్నవీ అయితే దిగుమతి చేసుకోవచ్చంది. సేకరించేవాళ్ళకి వేరే లైసెన్సు కూడా ఉంది. ఇంతలో 1989లో బెర్లిన్ గోడ కూలింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. తూర్పు యూరప్‌లో నేలమాళిగల తలుపులు తెరుచుకున్నాయి. ఇంకేముంది! మోసిన్ రైఫిళ్ళు పెట్టెలు పెట్టెలుగా ఓడలెక్కాయి.

మా పెద్దమ్మగారబ్బాయి టెక్సాస్‌లో ఇంజనీరు. పదిహేనేళ్ళ కిందట అతనో మోసిన్ కొన్నాడు. వంద డాలర్ల లోపే! పెట్టె విప్పితే తుపాకి కనబడలేదట. కాస్మోలిన్ అనే గోధుమరంగు గ్రీజులో మునిగి ఉంది. తుప్పు పట్టకుండా సైన్యాలు పూసి దాచే జిడ్డు అది. ఎండలో పెట్టి, వేడినీళ్ళు పోసి, గుడ్డపీలికలతో తుడిచి తుడిచి మూడు ఆదివారాలు గడిపాడు.

"అన్నయ్యా, ఇంట్లో తుపాకి పెట్టుకుంటే వదిన ఏమీ అనలేదా?" అని ఫోన్లో అడిగాను.

"ఎందుకనదూ? డైనింగ్ టేబుల్ మీద ఆ మరకలు ఇంకా పోలేదని ఇప్పటికీ అంటుంది!" అని నవ్వాడు. తరవాత గొంతు తగ్గించి అన్నాడు: "ఒరేయ్, జిడ్డు పోయాక చెక్క మీద చిన్న గాట్లు కనబడ్డాయి. ఎవడో గోటితో గీసినట్టు. ఆ సిపాయి ఎవడో, ఇంటికెళ్ళాడో లేదో... ఆ రాత్రి నిద్ర పట్టలేదురా."

సేకరణ పిచ్చి అంటే ఇదీ! వీళ్ళకి కావలసింది పేల్చడం కాదు, చదవడం. ఏ కార్ఖానా ముద్ర, ఏ సంవత్సరం, బోల్టు మీద నంబరూ గొట్టం మీద నంబరూ ఒకటేనా, రంగు కొత్తగా పూశారా... అన్నీ భూతద్దం పెట్టి చూస్తారు. మనవాళ్ళు పాత సినిమా పాటల పుస్తకాలు దాచుకున్నట్టే అనుకోండి.

ఒక తుపాకిలో ఎంత కథ ఉంటుందో చెప్పనా? 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) చూశారుగా. అసలు లారెన్స్ వాడిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. అది మొదట బ్రిటిష్ సిపాయిది. గలిపోలి యుద్ధంలో టర్కీవాళ్ళ చేతికి చిక్కింది. టర్కీ మంత్రి ఎన్వర్ పాషా దాన్ని అరబ్ రాజకుమారుడు ఫైసల్‌కి కానుకగా ఇచ్చాడు. ఫైసల్ లారెన్స్‌కిచ్చాడు. లారెన్స్ దాంతో టర్కీవాళ్ళ మీదే పోరాడి, చివరికి ఇంగ్లండ్ రాజు ఐదో జార్జికి సమర్పించాడు. ఏ స్క్రీన్‌ప్లే రచయిత రాయగలడండీ ఇంత మలుపుల కథ?

ఊట ఎందుకు ఎండింది?

అన్నయ్య కొన్న మోసిన్ ధర ఇప్పుడు నాలుగైదు రెట్లు. అదైనా దొరికితే! కారణాలు అడిగితే నాలుగు కనిపిస్తాయి.

ఒకటి: కొత్త సరుకు పుట్టదు. ఈ మాట కాస్త జాగ్రత్తగా వినాలి. ఈనాటి సైన్యాలు కూడా రేపు తమ ఏకే 47లూ, ఎమ్ 16లూ వదిలేస్తాయి కదా, అవి అమ్ముకోవచ్చుగా అనిపిస్తుంది. కుదరదు. అవి ఆటోమాటిక్‌లు. విదేశీ మెషిన్‌గన్‌లు మామూలు జనానికి అమ్మడానికి అమెరికాలోకి రాకుండా 1968 చట్టమే ఆపింది. 1986 చట్టం కొత్త మెషిన్‌గన్‌లు ప్రజల చేతికి వెళ్ళే దారి పూర్తిగా మూసేసింది. కాబట్టి పెట్టెలో ఉన్నవి 1950ల నాటి దాకా వచ్చిన పాత తుపాకులే. తీసిన కొద్దీ తరుగుతాయి గాని పెరగవు.

రెండు: కొలిమి. పాత ఆయుధాలు దొంగ దారుల్లో తిరుగుబాటుదార్లకీ, ముఠాలకీ చేరుతున్నాయని 2001లో ఐక్యరాజ్య సమితి సభ్య దేశాలు ఒక కార్యక్రమం ఒప్పుకున్నాయి. మిగులు ఆయుధాల్ని అమ్మేకన్నా నాశనం చేయడమే మేలన్న ఆలోచన బలపడింది. కోసి, కరిగించి, ఇనప దిమ్మలు చేసేస్తున్నారు.

మూడు: రాజకీయం. 1994లో చైనా తుపాకుల్ని అమెరికా ఆపింది. 1996లో రష్యాతో ఒప్పందం చేసుకుని ఫలానా రకాలే రావాలంది. 2013 ఆగస్టులో ఒబామా ప్రభుత్వం, అమెరికా ఒకప్పుడు మిత్ర దేశాలకిచ్చిన తుపాకుల్ని ప్రైవేటు వ్యాపారులు తిరిగి తెచ్చుకోవడానికి అడ్డుకట్ట వేసింది. కొరియాలో వేలకు వేలు గరాండ్‌లున్నాయని ఆశగా ఎదురుచూసినవాళ్ళ నోట్లో మట్టి! 2014లో క్రిమియా గొడవ తరవాత రష్యా మీద ఆంక్షలు వచ్చిపడ్డాయి.

నాలుగు: మళ్ళీ యుద్ధం. ఇది వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు, రష్యా వైపున దొనేత్స్క్ ప్రాంతంలో బలవంతంగా సైన్యంలోకి లాక్కొచ్చిన మనుషుల చేతుల్లో కనబడిన తుపాకి ఏమిటనుకున్నారు? మోసిన్! 1891లో పుట్టిన డిజైను! 'ఎనిమీ ఎట్ ద గేట్స్' (2001)లో స్టాలిన్‌గ్రాడ్ శిథిలాల్లో హీరో పట్టుకున్నాడే, అదే జాతి. తాతగారిని పడక్కుర్చీలోంచి లేపి మళ్ళీ యుద్ధానికి పంపినట్టుంది.

ఇక ఓ పెద్ద నిధి ఎక్కడ దొరికిందో తెలుసా? మన పొరుగునే! కాఠ్మాండూలో లగన్ సిలేఖానా అనే పాత రాజభవనం ఉంది. నేపాల్ సైన్యం తరతరాలుగా వాడి పక్కన పెట్టిన ఆయుధాలన్నీ అక్కడే పేర్చి ఉంచారు. 2003లో విదేశీ వ్యాపారులు దాన్ని మొత్తంగా కొన్నారు. దుమ్ములో వేలకు వేలు మార్టినీ హెన్రీలూ, ఇంకా పాత బ్రౌన్ బెస్‌లూ, నేపాలీ సేనాని గహేంద్ర శంషేర్ తయారు చేయించిన సొంత రకం రైఫిళ్ళూ బయటపడ్డాయి. ఆలీబాబా గుహ అంటారే, అది! అయితే ఆలీబాబాకైనా గుహ ఒక్కటే.

మన త్రీ నాట్ త్రీ సంగతి

ఇంతకీ మన సంగతేమిటి? మనకు ఈ సరదా కుదరదు. త్రీ నాట్ త్రీ మన చట్టంలో నిషిద్ధ బోరు. పౌరులు ఉంచుకోకూడదు. అందుకే మన ప్రభుత్వ కార్ఖానాలు పౌరుల కోసం ప్రత్యేకంగా .315 బోరు రైఫిలు తయారు చేశాయి. 2019 సవరణ తరవాత లైసెన్సు ఉన్నవాళ్ళకు కూడా రెండు తుపాకులకు మించి వీల్లేదు.

కాని అమెరికన్ల గోడల మీద మన తుపాకులున్నాయి! 1962 చైనా యుద్ధంలో మన జవాన్లు మోసింది బోల్టు లాగే త్రీ నాట్ త్రీలే. ఆ దెబ్బ తరవాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానా అదే రూపంలో, 7.62 మి.మీ. గుండు పేల్చే రైఫిళ్ళు తయారు చేసింది. తరవాత మిగులుగా తేలి అమెరికా చేరిన వీటిని అక్కడివాళ్ళు 'ఇషాపూర్' అని ముద్దుగా పిలుచుకుంటారు. ఇంకో విచిత్రం: తెల్లదొరల కాలంలో కొన్ని రైఫిళ్ళ గొట్టాన్ని నున్నగా తొలిచి, ఒక్కొక్క తూటాయే పేలేలా మార్చి పోలీసులకిచ్చారు. చూడ్డానికి పులి, పనికి పిల్లి! మన చేతికి మంచి తుపాకి ఇవ్వాలంటే దొరలకి ఎంత భయమో చూశారా?

మా వీధిలో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉన్నారు. బాబాయిగారూ అని పిలుస్తాను. త్రీ నాట్ త్రీ మాటెత్తగానే ఆయన కుడిచెయ్యి దానంతటదే భుజం మీదకు పోయింది.

"గట్టిగా నొక్కిపట్టుకోకపోతే గాడిద తన్నినట్టు తన్నుద్ది బాబూ! ఫైరింగు ప్రాక్టీసు ఉన్న రోజు రాత్రి మీ పిన్ని ఉప్పుకాపడం పెట్టాల్సిందే."

"అంత బాధపెట్టిన తుపాకి పోతే సంతోషమేగా బాబాయిగారూ?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నా తుపాకి నంబరు ఇప్పటికీ చెప్తాను. మీ పిన్ని పుట్టినరోజు అడక్కు... అది గుర్తులేదు" అన్నారు.

ఆ తుపాకికి వయసు మీద పడిందన్నది మాత్రం నిజం. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై రైల్వే స్టేషన్‌లో టెర్రరిస్టుల ఏకే 47లకి ఎదురు నిలిచిన మన పోలీసుల చేతుల్లో ఉన్నవి ఈ ముసలి రైఫిళ్ళే. రామ్‌గోపాల్ వర్మ 2013లో ఆ రాత్రినే సినిమాగా తీశారు. ఆ తేడా చూశాక, దీన్ని ఇంకా వాడమని ఎవరంటారు? ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పెరేడ్‌లో దానికి కడసారి సెల్యూట్ కొట్టి వీడ్కోలు చెప్పారు. మనదేశంలో ఇలా కండెమ్ చేసిన తుపాకులు బజారుకు రావు. సాధారణంగా ముక్కలై కొలిమికే పోతాయి.

తెర మీద ఏమవుతుంది?

'స్టార్ వార్స్' (1977) చూసినవాళ్ళకో చిన్న రహస్యం. హాన్ సోలో చేతిలోని అంతరిక్షపు పిస్తోలు నిజానికి పాత జర్మన్ మౌజర్ సి96. తెల్లకవచాల సైనికుల ఆయుధాలు బ్రిటిష్ స్టెర్లింగ్ మెషిన్‌గన్‌లు. లండన్‌లోని బాప్టీ అనే అద్దె కంపెనీ గోదాములోంచి తీసి నాలుగు తొడుగులు తగిలించారు. గెలాక్సీ యుద్ధానికి కూడా మిలటరీ మిగులే దిక్కు!

చేతికి అందిన మిగులుతోనే సర్దుకోవడం వల్ల తమాషాలూ జరిగాయి. 'జులు' (1964) కథ 1879లో జరుగుతుంది. కాని వెనకాల కొందరు సిపాయిల చేతుల్లో అప్పటికింకా పుట్టని లీ ఎన్‌ఫీల్డ్‌లుంటాయి. మళ్ళీ చూసినప్పుడు వెతకండి.

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ప్రాపర్టీ అద్దెకిచ్చే ఒకాయన గోదాము చూశాను. సింహాసనాల పక్కన గోడకానించి త్రీ నాట్ త్రీలు. అన్నీ డమ్మీలే. అసలుది నాలుగు కిలోలు తూగుతుంది. ఫైబర్ డమ్మీ నేనెత్తితే చీపురెత్తినట్టుంది.

"పరిగెత్తే షాటుకి ఇది సార్. క్లోజప్‌కి చెక్కా ఇనుమూ వేసింది వేరే ఉంది" అన్నాడాయన. "బరువు తుపాకిలో ఉండదు సార్, మోసేవాడి మొహంలో ఉండాలి."

"మరి ఈ అచ్చు ఎక్కణ్ణించి తీశారు?"

"పాత డమ్మీ చూసి కొత్త డమ్మీ. దానికి ముందుది ఎవరు చూసి చేశారో!"

నకలుకి నకలు, దానికి మళ్ళీ నకలు. అసలు ఎక్కడ? అదీ నా బెంగ.

హాలీవుడ్ కూడా ఇటే నడుస్తోంది. 2021 అక్టోబర్‌లో 'రస్ట్' షూటింగులో రివాల్వర్ నిజంగానే పేలి కెమెరా నిపుణురాలు హలీనా హచిన్స్ ప్రాణాలు పోయాయి. ఆ తరవాత తమ సినిమాల్లో అసలు తుపాకులు వాడబోమని డ్వేన్ జాన్సన్ లాంటి నటులు ప్రకటించారు. నిప్పురవ్వలు కంప్యూటర్‌లో కలుపుకోవచ్చు. ఒక సీను కోసం మనిషి ప్రాణం పోకూడదు. ఇందులో రెండో మాట లేదు.

కరిగించే ముందు ఒక్క మాట

చవగ్గా దొరికిన తుపాకి డల్లాస్‌లో ఏం చేసిందో చెప్పుకున్నాం. కాబట్టి మళ్ళీ పీపాల్లో పెట్టి అమ్మమని నేననను. అమెరికాలో కొనుక్కునేవాళ్ళకి కరువొస్తే అది వాళ్ళ బాధ. కాని ఉన్నవన్నీ ఒకే కొలిమిలో పడేస్తే అది అందరి నష్టం.

మన కథే చూడండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి మొత్తం 26 తుపాకులు పట్టుకెళ్ళాడు. ఒక సామ్రాజ్యం మీద యుద్ధానికి 26 తుపాకులు! 1974లో కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' చూసి ఈలలు వేసిన తరం ఉంది. 2022లో 'ఆర్ఆర్ఆర్'లో ఊరివాళ్ళ చేతికి ఆయుధం అందించాలని రాముడు పడే తపన చూసి కళ్ళు తుడుచుకున్న తరం మీది. ఆ రోజుల్లో ఒక తుపాకి ఎంత బరువో, తూటా పెట్టడానికి ఎంతసేపు పట్టేదో, అది పట్టుకుని మన్యం కొండ ఎక్కడమంటే ఏమిటో... అసలు తుపాకి చేత్తో పట్టుకుంటే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. వంద పుస్తకాలు చదివినా అంత తెలియదు.

చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. కండెమ్ చేసినప్పుడు ప్రతి రకంలోనూ నాలుగు పక్కన పెట్టాలి. గొట్టం మూసి, లోపలి భాగాలు తీసేసి, ఎన్నటికీ పేలకుండా చెయ్యాలి. ఏ జిల్లా పోలీసులు, ఏ సంవత్సరం నించి ఏ సంవత్సరం దాకా మోశారో ఒక అట్ట మీద రాసి మ్యూజియంలో పెట్టాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో నవాబుల కత్తులూ కవచాలూ చూడ్డానికి మనం టిక్కెట్టు కొని వెళ్ళడం లేదూ? కానిస్టేబుల్ భుజాన్ని ముప్ఫై ఏళ్ళు నొప్పెట్టిన తుపాకి అంతకన్నా తక్కువదేం కాదు.

ఈసారి యుద్ధం సినిమాకెళ్ళినప్పుడు హీరో మొహంతో పాటు అతని చేతిలోది కూడా ఒకసారి చూడండి. అది ఏ దేశంలో పుట్టిందో, ఎవరు మోశారో పక్కవాడికి చెప్పండి. 'నీకెలా తెలుసురా?' అని వాడు నోరు వెళ్ళబెడితే, ఆ గొప్ప మీరే ఉంచుకోండి. మా పత్రిక మాత్రం తిరిగిచ్చెయ్యమనండి!